టైటిల్ కార్డులో ఎవరి పేరు?

పావగడలో శనివారం సాయంత్రం బస్సులో సీటు దొరకడం గగనం. శనిమహాత్ముడి దర్శనానికి బెంగళూరు, హిందూపురం, అనంతపురాల నుంచి వచ్చిన జనమంతా ఆ వేళకే తిరుగుదారి పడతారు. ఆ రద్దీకి ఎదురుగా ఒక కుర్రాడు బస్సు దిగాడు. భుజాన లాప్‌టాప్ సంచి, చంకలో చిన్న కీబోర్డు. ఇంకో బస్సు పట్టుకొని నాగలమడికె దగ్గరి ఊళ్లో మేనమామ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మేనమామ హార్మోనియం మేష్టరు. జాతర దగ్గరపడితే చుట్టుపక్కల ఊళ్ల రైతులకు, కూలీలకు పద్యాలు నేర్పి పౌరాణిక నాటకం ఆడించడం ఆయన వృత్తి. పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాది; మూడు వైపులా మాత్రం ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకే ఆయన ఒక ఊళ్లో కన్నడ కురుక్షేత్రం నేర్పిస్తాడు, పక్క ఊళ్లో తెలుగు పద్యం పాడిస్తాడు. పెట్టె ఒకటే.

అల్లుడు ఉండేది హైదరాబాదులో. పేరున్న ఒక సంగీత దర్శకుడి స్టూడియోలో ఆరేళ్లుగా ప్రోగ్రామర్. అక్కడ అతనిలాంటివాళ్లు పదిమంది దాకా ఉంటారు. ఇప్పుడు ఒక చిన్న కన్నడ సినిమాకు సొంతంగా సంగీతం చేయమని పిలుపు వచ్చింది. సోమవారం లోపల మాట చెప్పాలి. ఒప్పుకుంటే స్టూడియో వదలాలి. వద్దనాలన్నదే అతని ఆలోచన. మామ చేత కూడా వద్దనిపించుకుంటే మనసు కుదుటపడుతుందని వచ్చాడు.

మామ వద్దనలేదు.

"ఆరేండ్లాయె గదరా. ఇంకెన్ని దినాలు ఒకరి పేరు కింద పని చేస్తావు?" అన్నాడు వేరుశెనగ కాయలు ఒలుస్తూ. "జి.కె. వెంకటేశ్ ఎవరు? మన తెలుగాయనే. కన్నడం వాళ్లకు 'కస్తూరి నివాస' ఇచ్చినాడు, 'బంగారద మనుష్య' ఇచ్చినాడు. ఆయన పక్కన కూచోని స్వరాలు రాసుకున్న పిల్లోడు ఎవరు? ఇళయరాజా. 1976లో 'అన్నక్కిళి' ఒప్పుకోకుండా ఆయనా అట్లే కూచోనుంటే మనకు 'సాగర సంగమం' ఉండునా?"

"మామా, నువ్వు చెప్పింది నా వైపు సాక్ష్యమే" అన్నాడు అల్లుడు. "ఆయన మద్రాసు చేరింది 1968లో. ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం చదివాడు. సలీల్ చౌదరికి గిటారు వాయించాడు. వెంకటేశ్ గారికి సహాయకుడిగా 200 దాకా సినిమాలకు పనిచేశాడంటారు, ఎక్కువ కన్నడవే. అంత కాలం కూర్చున్నాడు కాబట్టే లేచిన రోజున నిలబడ్డాడు."

ఇద్దరి మాటా నిజమే. 'అన్నక్కిళి' రాకముందే పావగడ టాకీసుల్లో కన్నడ పాటలు విన్నవాళ్ల చెవిని ఇళయరాజా చేతిపని తాకే ఉంటుంది. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. సినిమా సంగీతంలో ఈ పేరులేని కాలం దాదాపు అందరికీ ఉంటుంది. దాన్ని బడి అనాలా, చెర అనాలా అన్నదే ఆ రాత్రి మామా అల్లుళ్ల తగవు.

అల్లుడు వేళ్లు మడుస్తూ వంశవృక్షం చెప్పుకొచ్చాడు. తొమ్మిది వందలకు పైగా సినిమాలు చేశారని చెప్పుకునే చక్రవర్తి దగ్గర రాజ్ పనిచేశాడు, కోటి పనిచేశాడు. ఒకరు టి.వి. రాజు కొడుకు, ఒకరు సాలూరి రాజేశ్వరరావు కొడుకు. అంత ఇంటిపేర్లు ఉండి కూడా ఇంకొకరి కింద కూర్చునే నేర్చుకున్నారు. కీరవాణి కూడా 1987 నుంచి చక్రవర్తి దగ్గరే. 1990లో 'మనసు మమత'తో తెర మీద పేరు పడింది, మరుసటి ఏడు 'క్షణ క్షణం' వచ్చింది. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. రాజ్-కోటి దగ్గరా, కీరవాణి దగ్గరా కీబోర్డు ముందు కూర్చున్న మణిశర్మ 1998లో 'చూడాలని వుంది'తో తన కాలం తెచ్చుకున్నాడు. మణిశర్మ దగ్గర పనిచేసిన తమన్ 2009లో 'కిక్'తో బయటికొచ్చాడు.

"చక్రవర్తి నుంచి తమన్ దాకా ఒకే దండలో పూలు మామా. ఒకరి ఇంట్లో నేర్చుకోవడం, బయటికొచ్చి ఇంకో ఇల్లు కట్టడం. మన తెలుగు సినిమాకు వేరే సంగీత కళాశాల ఏముంది?"

మామ ముఖం వెలిగింది. "అదే నేను చెప్తాండేది. అందరూ బయటికొచ్చినోళ్లే గదా!"

"మనకు పేర్లు తెలిసినవాళ్లంతా బయటికొచ్చి నిలబడ్డవాళ్లు. అదే గదిలో, అదే బెంచీ మీద కూర్చుని, బయటికొచ్చి నిలబడలేనివాళ్ల పేర్లు నాకు చెప్పు చూద్దాం."

మామ చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడమే అల్లుడి వాదన. అతను అక్కడ ఆగలేదు. పేరు సంపాదించుకున్నాక విడిపోయినవాళ్లకైనా దారి ఒక్కలా ఉండదన్నాడు. 'హలో బ్రదర్' నాటికి రాజ్-కోటి అంటే తెలుగు సినిమాకు గుండెచప్పుడు. తొంభైల నడుమ జంట విడిపోయింది. 1995లో కోటి పేరుతో 'పెదరాయుడు', రాజ్ పేరుతో 'సిసింద్రీ' వచ్చాయి. రెండూ జనం నోళ్లలో నానాయి. ఆ తర్వాత కోటి 'నువ్వే కావాలి', 'నువ్వు నాకు నచ్చావ్' దాకా వరుసగా సాగాడు. రాజ్‌కు సినిమాలు తగ్గుతూ వచ్చాయి. 2023లో ఆయన కన్నుమూసినప్పుడు అభిమానులు తలచుకున్నవి ఎక్కువగా జంటగా చేసిన పాటలే. "రాజ్ గారిలో సంగీతం తక్కువై కాదు మామా. విడిపోయినప్పుడు పరిచయాలు, నిర్మాతలు, వాద్యగాళ్లు సమానంగా పంపకం కావు."

ఇంట్లోంచి అత్త రాగిసంకటి ముద్దలు, శెనక్కాయల చట్నీ తెచ్చి పెట్టింది. కాసేపు మాటలు ఆగాయి.

చేతులు కడుక్కుని వచ్చాక అల్లుడు ఇంకా పెద్ద ఇంటి కథ ఎత్తుకున్నాడు. 1989లో అమెరికాలో హాన్స్ జిమ్మర్, జే రిఫ్‌కిన్ కలిసి మీడియా వెంచర్స్ అనే సంగీత సంస్థ పెట్టారు. తర్వాత దాని పేరు రిమోట్ కంట్రోల్ ప్రొడక్షన్స్ అయింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఒకే ప్రాంగణం, వరుసగా గదులు, గదికొక స్వరకర్త. ఒకరి సినిమాకు ఇంకొకరు 'అదనపు సంగీతం' రాస్తారు. అక్కడి నుంచి వచ్చినవాడే జాన్ పావెల్. 2010లో 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' ఆస్కార్ ప్రతిపాదనల దాకా వెళ్లింది. హ్యారీ గ్రెగ్సన్-విలియమ్స్ 'నార్నియా' చేశాడు. రమీన్ జవాదీ 'ఐరన్ మ్యాన్', ఆపైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చేసి 2018, 2019లో వరుసగా ఎమ్మీలు అందుకున్నాడు.

"మంచిదే గదా" అన్నాడు మామ.

"క్లౌస్ బాడెల్ట్ సంగతి కూడా విను. 2003లో 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' టైటిల్‌లో సంగీతం అని పేరు పడింది ఆయనదే. కానీ జిమ్మర్‌కు వేరే సినిమా ఒప్పందం ఉండటంతో ఆయన పేరు అక్కడ ముందుకు రాలేదు. ముఖ్యమైన బాణీలు చాలావరకు జిమ్మర్ రాసినవే. పని వేగంగా తేలాలి కాబట్టి ఇంకా చాలామంది చేతులు పడ్డాయి. రెండో భాగం నుంచి జిమ్మర్ పేరే వచ్చింది. బాడెల్ట్ చెన్ కైగే తీసిన చైనా సినిమాకు, ఫ్రెంచి సినిమాలకు పనిచేశాడు. ప్రపంచమంతా ఈలవేసే బాణీ పక్కన తన పేరుంది. కానీ ఆ పేరును చూసి పిలిచేవాళ్లు ఎంతమంది? పేరు పడితే చాలదు మామా. ఆ పేరు వెనక ఫలానా శబ్దం ఇతనిదని జనం చెవికి తెలియాలి."

మామకు ఆ సినిమా తెలియదు. కానీ సంగతి తెలిసింది. "మన 'మాయాబజార్' కథ ఇదే గదరా" అన్నాడు. 1957 నాటి ఆ సినిమాకు మొదట సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యగోష్ఠి కూర్చి, మిగతా సంగీతమంతా చేసింది ఘంటసాల. తెర మీద ఘంటసాల పేరే పడింది. "అరవై ఏండ్లు దాటినా పెద్దోళ్లు కూచుంటే ఆ నాలుగు పాటల సంగతి తీస్తారు. ఇద్దరూ మహానుభావులు కాబట్టి లెక్క మిగిలింది. నీలాంటోడు రాసింటే ఎవరు చెప్తారు? అందుకే పేరు కావల్లంటాండా."

ఈ మాట అల్లుడిని తాకింది. ఇంతసేపూ దాచుకున్నది బయటపెట్టాడు. ఆ స్టూడియోలో పోయిన ఏడాది ఒక పెద్ద సినిమాకు ఆర్ఆర్, అంటే రీరికార్డింగ్, చేసినప్పుడు రెండు రీళ్లు మొత్తం తనే రాశాడు. టైటిల్స్ చివర 'కీబోర్డ్ ప్రోగ్రామింగ్' కింద పన్నెండు పేర్లు వరుసగా వచ్చాయి. తన పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అమ్మను థియేటర్‌కు తీసుకెళ్లి చూపించాలనుకుని, ఆ అక్షరం చూసి ఊరుకున్నాడు.

పాట కట్టినవాడి పేరు రేడియో చెబుతుంది, పెళ్లి బ్యాండు మోస్తుంది. ఆర్ఆర్ కథ వేరు. రీరికార్డింగ్ అంటే మాటల కింద, అడుగుల చప్పుడు కింద, వాన కింద పరిచే సంగీతం. సినిమా విడుదల తేదీ ముందే ఖాయమై ఉంటుంది. ఎడిటింగ్ చివరిదాకా మారుతూనే ఉంటుంది. రెండున్నర గంటల బొమ్మకు రెండు మూడు వారాల్లో సంగీతం నింపాలంటే ఒక మనిషి వల్ల కాదు. ఇళయరాజాలా బొమ్మ చూసి నేరుగా కాగితం మీద స్వరాలు రాసి వాద్యబృందానికి పంచగలవాళ్లు ఎందరుంటారు? అందుకే పెద్ద సంగీత దర్శకుడు మూలబాణీలు ఇస్తే రీళ్లను సహాయకులు పంచుకుంటారు. తప్పు ఆ పంపకంలో లేదు. పని పంచి పేరు పంచకపోవడంలో ఉంది.

"ఇప్పుడిప్పుడే దారి తెరుచుకుంటోంది మామా" అన్నాడు అల్లుడు. పాటలొకరివి, ఆర్ఆర్ ఇంకొకరిది అని తెర మీద విడిగా వేస్తున్నారు. 2017లో 'అర్జున్ రెడ్డి'కి పాటలు రధన్ కడితే నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్ చేశాడు. అదే హర్షవర్ధన్‌కు 'యానిమల్' నేపథ్య సంగీతానికి 71వ జాతీయ సినిమా పురస్కారాల్లో అవార్డు వచ్చింది. జాతీయ పురస్కారాల్లో పాటలకూ నేపథ్య సంగీతానికీ వేర్వేరు అవార్డులు 2009 సినిమాల నుంచి నిలకడగా ఇస్తూ వచ్చారు. ఆ ఏటి నేపథ్య సంగీతం అవార్డు 'పళశ్శిరాజా'కు ఇళయరాజా అందుకున్నాడు. 'ఆర్ఆర్ఆర్'కు కీరవాణికి వచ్చిన జాతీయ అవార్డు కూడా నేపథ్య సంగీతానికే. 'పుష్ప 2'లో దేవిశ్రీ ప్రసాద్‌తో పాటు నేపథ్య సంగీతానికి సామ్ సి.ఎస్. పేరూ తెర మీద పడింది. ఇక కన్నడంలో, కుందాపురం దగ్గరి బస్రూరు నుంచి వచ్చిన రవి బస్రూర్ 'ఉగ్రం' చేసి, 'కేజీఎఫ్'తో దేశమంతా తెలిసి, 'సలార్'తో తెలుగులోకీ వచ్చాడు.

"ఇన్ని తెలిసీ వద్దంటాండావే!"

"డబ్బు సంగతి కూడా తెలుసు కాబట్టి." 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. థియేటర్లో ఆడేది కాక ఇతర చోట్ల తమ సంగీతం వాడితే వచ్చే రాయల్టీలో స్వరకర్తకు, గీతకర్తకు విడదీయలేని వాటా ఇచ్చారు. కానీ ఆ వాటా స్వరకర్త అని రాసుకున్న పేరుకే చేరుతుంది. అమెరికాలో ఏ ముక్క ఎవరు రాశారో నింపే క్యూ షీట్ అనే పట్టిక ఉంటుంది. అందులో పేరెక్కితే అదనపు సంగీతం రాసినవాడికీ రాయల్టీ వస్తుంది. "నేను రాసిన రెండు రీళ్లు టీవీలో ఎన్నిసార్లు వచ్చినా నాకు ఫోన్‌లో మెసేజ్ రాదు. అయినా నెల జీతం వస్తుంది. చిన్న సినిమా ఒప్పుకుంటే అదీ ఉండదు. వాళ్లిచ్చే మొత్తంలోనే స్టూడియో అద్దె, వయొలిన్ల ఖర్చు, మిక్సింగ్, నా తిండి."

మామ లేచి లోపలికి వెళ్లి హార్మోనియం తెచ్చుకున్నాడు. తిత్తి మీద తోలు అతుకు వేసిన పాత పెట్టె. "మాటలు చాలు. నీ పని ఒకటి చూపించు."

అల్లుడు లాప్‌టాప్ తెరిచాడు. ఒక నిమిషం నలభై సెకన్ల సన్నివేశం. పల్లె బస్టాపులో తల్లి కొడుకును సాగనంపుతుంది. కొడుకు ఎక్కుతాడు, బస్సు కదులుతుంది, ఆమె దుమ్ములో నిలబడిపోతుంది. మొదట తను రాసింది వినిపించాడు. బస్సు కదలగానే వయొలిన్లన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. మామ తల ఊపాడు. బాగుందన్నాడు.

తర్వాత సినిమాలో ఉన్నది వినిపించాడు. సంగీత దర్శకుడు అల్లుడి స్వరాలు అన్నీ ఉంచి, బస్సు కదిలిన చోట నాలుగు సెకన్లు ఖాళీ చేశాడు. ఇంజను చప్పుడు దూరమవుతుంది, ఇంకేమీ ఉండదు. ఆ తర్వాత వేణువు మీద ఒక్క పంచమం.

మామ బొమ్మను మళ్లీ పెట్టమన్నాడు. శబ్దం తీసేయించి, తనే హార్మోనియం మీద మొదటి పద్ధతిలో వాయించాడు. రెండోసారి బస్సు కదిలే చోట మెట్ల మీద వేళ్లు అలాగే ఉంచి తిత్తి ఆపాడు. నాలుగు సెకన్లు. తెర మీద తల్లి చేయి పైకి లేచి, ఊపకుండానే దిగిపోయింది. మొదటిసారి ఆ చేయి ఇద్దరి కంటికీ ఆనలేదు.

"ఇది నేర్పినాయన గురువేరా" అన్నాడు మామ, గొంతు తగ్గించి.

"అందుకే వదల్లేను."

"ఇది ఎప్పటిది?"

"మూడేళ్ల కిందటిది."

"ఇట్లాంటివి ఈ ఏడు ఎన్ని నేర్చుకున్నావు?"

అల్లుడు వెంటనే చెప్పలేదు. ఈ ఏడాది తను రాసిన రీళ్లు మార్పు లేకుండానే వెళ్లిపోతున్నాయి. కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు రాసినవాటిలో స్వరాలు తీసేస్తున్నది, ఖాళీలు పెడుతున్నది ఇప్పుడు తనే. ఆ మాట పైకి చెప్పేసరికి తన వాదనలో ఒక గోడ కూలిందని అతనికీ తెలిసింది, మామకూ తెలిసింది. మామ గెలిచినట్టు మాట్లాడలేదు. జిల్లాలోనే జరిగిన ఒక కథ చెప్పాడు.

1884లో పుట్టిన గుబ్బి నాటక కంపెనీ ఈ తుమకూరు జిల్లాదే. గుబ్బి వీరణ్ణ చేతుల్లో అది కర్ణాటకమంతా తిరిగింది. రాజ్‌కుమార్ అందులో నుంచి వచ్చినవాడే. ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన ఒక పిల్లవాడు కూడా అందులో చేరాడు. వేషాలు కట్టాడు, పాటలు పాడాడు. ఆ పిల్లవాడిలోని తెలివి చూసి వీరణ్ణ తన దగ్గరే కట్టిపెట్టుకోలేదు. చదువుకొమ్మని కాశీకి పంపాడు. ఆ పిల్లవాడు బి.వి. కారంత్. తర్వాత జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టరయ్యాడు, 1989లో మైసూరులో రంగాయణ మొదలుపెట్టాడు. 'ఋష్యశృంగ', 'ఘటశ్రాద్ధ' సినిమాల సంగీతానికి 1976, 1977 జాతీయ అవార్డులు వరుసగా ఆయనవే.

"కారంత్ కంపెనీ వదిలినాడా, కంపెనీ కారంత్‌ను పంపినాదా?" అని అడిగాడు మామ. "నువ్వు మీ గురువుకు చెప్పినావా, ఇట్లా సినిమా వచ్చిందని?"

చెప్పలేదు. చెబితే కోపగించుకుంటాడేమోనని భయం. ఉన్న పనీ పోతుందేమోనని ఇంకో భయం. ఆరేళ్లలో ఆ సంగతి ఆయనతో ఎత్తే ధైర్యమే చేయలేదు.

"అడుగు ముందు. పొమ్మంటే దీవెన. వద్దంటే, ఎందుకు వద్దో ఆయన నోటితోనే విను. దొంగ మాదిరి మాత్రం రావద్దు."

అల్లుడు పూర్తిగా ఒప్పుకోలేదు. చిన్న సినిమా ఆడకపోతే రెండోది రాదన్నాడు. తన కింద పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు వెంట వస్తామంటున్నారని, రేపు వాళ్ల రీళ్లు కూడా తన పేరు మీదే పోతాయని, తనూ అదే పని చేయబోతున్నాడేమోనని చెప్పాడు. ఆ రాత్రి అతను వేసిన ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది అదే. దానికి మామ దగ్గర వాదన లేదు. గూట్లోంచి ఒక కాగితం తీశాడు.

జాతర నాటకం కరపత్రం, ప్రెస్సు వాళ్లు దిద్దమని పంపిన నమూనా. పైన దేవుడి బొమ్మ, తేదీ, ఊరి పేరు. కింద ధర్మరాయుడు, భీముడు, దుర్యోధనుడు, ద్రౌపది, ఎవరెవరు ఏ వేషమో ఇంటిపేర్లతో సహా వరుసగా. అడుగున హార్మోనియం, తబలా, మేకప్, సీన్లు, మైకు సెట్టు, లైటింగు. పేరు లేని పని ఆ కాగితంలో లేదు. ముందుతెర లాగేవాడికీ ఒక వరుస ఉంది.

"తబలా పక్కన ఒకరి పేరే ఉంది మామా" అన్నాడు అల్లుడు దీపం దగ్గరికి జరిగి. "మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పావే, పద్యాలకు పెద్దాయన, పాటలకు ఆయన శిష్యుడు వాయిస్తున్నాడని."

"అవును గదా. పిల్లోడిది మరిచిపోయినారు."

అల్లుడు సంచిలోంచి పెన్ను తీసి, పెద్దాయన పేరు పక్కన కుర్రాడి పేరు రాశాడు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో మామను రెండుసార్లు అడిగాడు. కాగితం ఫోటో తీసి పావగడలోని ప్రెస్సుకు పంపించాడు. బయట మోటారు సైకిలు ఆగింది. దుర్యోధనుడు రిహార్సల్‌కు వచ్చాడు, చెప్పులు విప్పుతూనే శ్రుతి అడిగాడు. మామ హార్మోనియాన్ని అల్లుడి ముందుకు జరిపి తను తాళాలు అందుకున్నాడు.